స్కాన్‌లో ఏమీ లేదన్నాక కూడా లెక్కపెట్టాల్సినవి

తలకి దెబ్బ తగిలినవాళ్ళని క్యాజువాలిటీలోకి తీసుకెళ్ళాక, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు అడిగేది ఒక్కటే: “దెబ్బ పెద్దదేనాండీ?” లోపలినుంచి వచ్చే జవాబూ దాదాపు ఒక్కటే: “స్కాన్ తీశాక చెప్తాం.” తీశాక రక్తం కనపడితే ఏడుపులు మొదలవుతాయి. కనపడకపోతే “ఏం లేదంట” అని ఊరికి ఫోన్లు వెళ్ళిపోతాయి. రెండూ తొందరపాటే. పుర్రెలో రక్తం ఎక్కడ చేరింది, ఎముక విరిగిందా, మెదడు పక్కకి జరిగిందా అన్నవి సీటీ చూపిస్తుంది. మెదడు ఏమాత్రం పనిచేస్తోందో దానికి తెలీదు. బండి మీంచి ఎగిరిపడ్డప్పుడు మెదడు లోపలి సన్నటి నరాల పోగులు సాగి తెగిపోతే, మొదటి సీటీ మామూలుగా ఉండొచ్చు, మనిషి మాత్రం వారాల తరబడి కళ్ళు తెరవకపోవచ్చు. అలాంటివి ఎమ్మారైలో కొంతవరకు బయటపడతాయి.

తీవ్రత తేల్చే కొలతలు ముఖ్యంగా నాలుగు. స్పృహ ఎంత లోతుగా పోయింది, ఎంతసేపు పోయింది, తిరిగొచ్చాక జ్ఞాపకం ఎన్నాళ్ళకి అతుక్కుంది, స్కాన్‌లో ఏముంది. మొదటి మూడూ ఏ యంత్రమూ చెప్పదు. పక్కనున్న మనిషి గడియారం చూసి కాగితం మీద రాసుకోవాల్సిందే. ఆ పక్కనున్న మనిషి చాలాసార్లు డాక్టరూ కాదు, నర్సూ కాదు. కాలవగట్టు మీద ఆగిన ఆటో డ్రైవరో, కొబ్బరితోటలో తోటి కార్మికుడో అయి ఉంటాడు. లంక గ్రామం నుంచి పడవలోనో పంటు మీదో రేవు దాటి, 108 ఎక్కి, పెద్దాసుపత్రి చేరేసరికి మొదటి గంట గడిచిపోయి ఉంటుంది. ఆ గంటలో ఏం జరిగిందన్నది స్కాన్‌కన్నా ఎక్కువే చెప్తుంది. దాన్ని రాసేవాళ్ళే ఉండరు.

గోదావరి డెల్టాలో మెదడుకి ఆపద వచ్చే దారులకి లోటు లేదు. 216 హైవే మీద బండి ప్రమాదాలు, కొబ్బరికాయల దింపు తీసేటప్పుడు చెట్టు మీంచి జారడం, కింద నిలబడ్డవాళ్ళ నెత్తిన కాయ పడటం బయటినుంచి తగిలే దెబ్బలు. కాలవలో మునగడం, రొయ్యల చెరువు గట్టున ఏరియేటర్ వైరు తగిలి గుండె ఆగడం లాంటివి ఆక్సిజన్ అందక లోపల జరిగేవి. పక్షవాతం, మెదడువాపు జ్వరం ఇంకో రకం. పుట్టాక వచ్చినవి కాబట్టి అన్నిటినీ ఒకే జాబితాలో వేస్తారు గానీ, అన్నిటినీ ఒకే తూకంలో తూచకూడదు.

ముందు లోతు సంగతి. దీనికి వాడేది గ్లాస్గో కోమా స్కేల్, అందరూ జీసీఎస్ అంటారు. 1974లో గ్లాస్గోలో గ్రాహమ్ టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు తయారుచేశారు. కళ్ళకి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15. తక్కువలో తక్కువ 3, సున్నా లేదు. అందుకే “పదిహేనుకి మూడు వచ్చాయంట, ఎంతో కొంత ఉంది” అని ఆశపడే బంధువులకి ఆ సంగతి నెమ్మదిగా విడమర్చి చెప్పాలి. 13 నుంచి 15 తేలిక, 9 నుంచి 12 మధ్యస్తం, 8, అంతకన్నా తక్కువ తీవ్రం. ఎనిమిదికి దిగితే మనిషి తన గొంతు తాను కాపాడుకోలేడు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేసే ఆలోచన అక్కడ మొదలవుతుంది.

చూసే పద్ధతికి ఒక వరస ఉంది. మంచం పక్కన నిలబడి ముందు ఏమీ అనకుండా చూడాలి. కళ్ళు వాటంతటవే తెరుచుకుని ఉంటే 4. లేకపోతే పేరు పెట్టి పిలవాలి, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. “తాతగారూ!” అంటే తెరిస్తే 3. అప్పటికీ లేకపోతే పెన్ను తీసుకుని చేతివేలి కొసన, గోరు పక్కగా, క్రమంగా బలం పెంచుతూ 10 సెకన్ల దాకా నొక్కాలి. దానికి తెరిస్తే 2, తెరవకపోతే 1. ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్దడం ఇంకా చాలాచోట్ల కనపడుతుంది. చర్మం కమిలిపోవడం తప్ప లాభం లేదు, ఆ పద్ధతి మానేయమనే చెప్తున్నారు.

మాటకి వచ్చేసరికి మనవాళ్ళ దగ్గర ఎక్కువ తప్పులు జరుగుతాయి. తన పేరు, ఉన్న చోటు, నెల సరిగ్గా చెప్తే 5. మాట్లాడుతున్నాడు గానీ తికమకగా ఉంటే 4. విడివిడిగా ఏవో మాటలు వస్తే 3, మూలుగు మాత్రమే అయితే 2, ఏమీ లేకపోతే 1. ఇప్పుడు 70 ఏళ్ళ మామ్మగారిని “ఇది ఏ నెలండీ?” అని అడిగితే “మార్గశిరమండీ, సార్వా కోతలైపోతున్నాయి కదా” అంటారు. డిసెంబరు అనలేదని 4 వేస్తే, లేని గాయాన్ని మనం పుట్టించినట్టే. ఆవిడకి 5 పడాల్సిందే. రొయ్యల ప్లాంటులోనో ఇటుక బట్టీలోనో పనికి వచ్చిన ఒడిశా, బెంగాల్ కుర్రాళ్ళని తెలుగులో అడిగి “కన్‌ఫ్యూజ్డ్” అని రాసినా అంతే, వాళ్ళ భాష వచ్చిన తోటివాణ్ణి పిలిచి అడిగించాలి. చెవుడున్న పెద్దవాళ్ళకి మిషను పెట్టాకే అడగాలి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది, ఇది ఇంకా ప్రమాదం. మర్యాదగా మాట్లాడేవాళ్ళు తికమకని భలే దాచేస్తారు. “బానే ఉన్నానండీ, మీరు భోంచేశారా?” అని నవ్వుతూ అడిగిన పెద్దాయన తానున్నది ఆసుపత్రిలో అని తెలియకుండానే ఆ మాట అనగలడు. కుశలప్రశ్నలు వినేసి 5 వేసేయకూడదు. చోటు, నెల, ఏడాది విడిగా అడిగి తీరాలి.

కదలిక మార్కులు మూడింటిలోనూ విలువైనవి. చెప్పిన పని చేస్తే 6. ఇక్కడ “నా చెయ్యి నొక్కండి” అని మాత్రం ఆగకూడదు, అరచేతిలో ఏదైనా తగిలితే అసంకల్పితంగా బిగించే అలవాటు దెబ్బతిన్న మెదడుకి ఉంటుంది. “నొక్కండి, ఇప్పుడు వదలండి” అనాలి, లేదా “రెండు వేళ్ళు చూపించండి”, “నాలుక బయటపెట్టండి” అనాలి. చెప్పింది చెయ్యకపోతే మెడకీ భుజానికీ మధ్య కండని గట్టిగా నొక్కాలి. చెయ్యి కాలర్ ఎముక దాటి పైకొచ్చి మన చేతిని తోసేయబోతే 5. మోచెయ్యి చప్పున ముడిచి దూరంగా లాక్కుంటే 4. చెయ్యి నెమ్మదిగా ఛాతీ మీదకి ముడుచుకుంటూ, బొటనవేలు పిడికిలిలోకి పోయి, కాళ్ళు బిగుసుకుంటే 3. మోచెయ్యి బిగదీసి చాచేస్తే 2. ఏ కదలికా లేకపోతే 1. నాలుగుకీ మూడుకీ మధ్య తేడా చూపుకి చిన్నదే, రోగి భవిష్యత్తుకి మాత్రం చాలా పెద్దది. రెండు చేతులు రెండు రకాలుగా ఉంటే బాగున్నవైపు మార్కే వెయ్యాలి, బాగాలేని వైపు సంగతి విడిగా రాయాలి. దెబ్బతో మెడ కూడా విరిగుంటే చేతులు కదలకపోవడానికి మెదడు కారణం కాకపోవచ్చు. అప్పుడు కళ్ళు, నాలుక కదపమని అడగాలి.

ముఖం వాచి కళ్ళు మూసుకుపోతే 1 వేయకూడదు, “చూడలేం” అని రాయాలి. గొంతులో గొట్టం ఉంటే మాటకీ అంతే. అలాంటప్పుడు మొత్తం కట్టడమే తప్పు.

రెఫరల్ కాగితాల మీద ఎక్కువగా కనపడేది “జీసీఎస్ 9/15” అన్న ఒక్క ముక్క. నన్నడిగితే అది సగం సమాచారం కూడా కాదు. కళ్ళు 2, మాట 2, కదలిక 5 అయినా తొమ్మిదే. కళ్ళు 4, మాట 1, కదలిక 4 అయినా తొమ్మిదే. మొదటివాడు మత్తుగా ఉన్నా నొప్పి ఎక్కడుందో కనిపెట్టగలుగుతున్నాడు. రెండోవాడు కళ్ళు తెరుచుకుని శూన్యంలోకి చూస్తున్నాడు. ఇద్దరికీ జరగబోయేది ఒకటి కాదు. మూడు అంకెలూ విడివిడిగా, పక్కన టైము, ఏ మందులు ఇవ్వకముందు తీసిన స్కోరో ఇచ్చాక తీసిందో ఉండాలి. గొట్టం వేసేందుకు మత్తు ఇచ్చాక పెద్దాసుపత్రిలో చూస్తే 3 వస్తుంది, అందులో మందు వాటా ఎంతో, దెబ్బ వాటా ఎంతో తెలీదు. ఫిట్స్ వచ్చి ఆగాక కొంతసేపు స్కోరు తక్కువే ఉంటుంది, అదీ నమ్మదగ్గది కాదు. బీపీ, ఆక్సిజన్, షుగరు సర్దుకున్నాక తీసిన స్కోరునే తీవ్రతకి లెక్కలోకి తీసుకోవాలి. షుగరు 40కి పడిపోయిన మనిషి అచ్చం తలకి దెబ్బ తగిలినవాడిలాగే ఉంటాడు, గ్లూకోమీటరు చుక్కతో తేలిపోయే సంగతి అది. పై బీపీ 90 కన్నా కిందికి జారినా, ఆక్సిజన్ 90 శాతం కన్నా తగ్గినా అప్పటికే దెబ్బతిన్న మెదడుకి రెండో దెబ్బ. మొదటి దెబ్బని ఎవరూ వెనక్కి తీసుకోలేరు, దీన్ని ఆపొచ్చు.

తాగి పడ్డవాళ్ళ విషయం విడిగా చెప్పాలి. “వాసనొస్తోంది, మత్తు దిగాక లేస్తాళ్ళే” అని అరుగు మీద పడుకోబెట్టినవాళ్ళలో కొందరు లేవరు. మందు తాగినవాడి స్కోరు తక్కువగా ఉంటే కారణం దెబ్బే అనుకుని చూడాలి, మందు అని తేలేది ఆ తర్వాతే. తాగినవాడి మత్తు గంటగంటకీ దిగాలి. దిగాల్సింది పోయి పెరుగుతోందంటే లోపల రక్తం చేరుతున్నట్టే.

జీసీఎస్‌తో పాటు కనుపాపలు చూడాలి. టార్చి వేస్తే రెండూ ఒకేలా చిన్నవవ్వాలి. ఒకటి పెద్దదై వెలుతురుకి కదలకపోతే సాధారణంగా ఆ వైపు మెదడు కిందికి నొక్కుకుపోతున్నట్టు, నిమిషాల్లో పని. 2018 నుంచి స్పందించని ప్రతి కనుపాపకీ జీసీఎస్‌లోంచి ఒక మార్కు తీసేసే లెక్క కూడా వచ్చింది. శుక్లాల ఆపరేషన్ అయిన కంట్లో కనుపాప గుండ్రంగా ఉండకపోవచ్చు, ఇంట్లోవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. బీపీ పెరుగుతూ నాడి నెమ్మదిస్తోందంటే పుర్రెలో ఒత్తిడి పెరుగుతోందని గుర్తు. “బీపీ ఎక్కువుంది, తగ్గించండి” అని బంధువులు తొందరపెట్టే చోటు ఇది. ఆ బీపీయే అప్పుడు మెదడుకి రక్తం ఎక్కిస్తోంది.

ఇంకోటి, “వాపు తగ్గడానికి స్టెరాయిడ్ వెయ్యరా?” అని అడుగుతుంటారు. తల దెబ్బకి స్టెరాయిడ్ మేలు చేయకపోగా మరణాలు పెంచుతుందని 10 వేలమందికి పైగా రోగులతో జరిగిన పరీక్షలో 2004లోనే తేలిపోయింది. మెదడు గడ్డలకి వాడే మందుని దెబ్బకీ వాడాలనుకోవడం పాత అలవాటు, అంతే.

ఇంటికి పంపేముందు ఎవరికి స్కాన్ కావాలన్న సంగతి. దెబ్బ తగిలాక స్పృహ తప్పో, కాసేపు ఏమీ గుర్తులేకో, తికమకపడో ఉండి, రెండు గంటలయ్యాక కూడా స్కోరు 15కి రాకపోతే స్కాన్ కావాలి. రెండుసార్లో ఎక్కువో వాంతులైనా, వయసు 65 నిండినా, దెబ్బకి ముందు అరగంటో అంతకన్నా ఎక్కువో గుర్తులేకపోయినా, మూడడుగులకి మించిన ఎత్తు నుంచి పడినా అంతే. ఈ మూడడుగుల లెక్క కెనడావాళ్ళది. కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాడికి ఇక ఆలోచించే పనే లేదు, తలతోపాటు మెడ కూడా తీయించాలి. గుండె వాల్వు మార్చుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళకి ఈ షరతులు ఏవీ వర్తించవు, దెబ్బ తగిలితే స్కానే. కళ్ళ చుట్టూ నల్లగా కమలడం, చెవి వెనక ఎముక మీద మచ్చ, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటిది కారడం పుర్రె అడుగు విరిగిందనడానికి గుర్తులు. ఆ నీళ్ళని దూది కుక్కి ఆపకండి, చీదనివ్వకండి. ముక్కులోంచి గొట్టం వేయబోతే “నీళ్ళు కారాయండీ” అని గట్టిగా చెప్పండి.

కణత దగ్గర ఎముక పలచన, దాని లోపలి పక్కనే రక్తనాళం ఉంటుంది. అక్కడ క్రికెట్ బంతో కొబ్బరికాయో తగిలి ఎముక చిట్లితే, మనిషి ఒక్క క్షణం తూలి, లేచి, బానే మాట్లాడి, ఇంటికెళ్ళి పడుకుంటాడు. రక్తం ఎముకకీ పొరకీ మధ్య చేరుతూ చేరుతూ గంటల తర్వాత ఒక్కసారి ముంచేస్తుంది. స్కాన్‌లో ఇది కటకం ఆకారంలో ఉబ్బెత్తుగా కనపడుతుంది. టైముకి తీసేస్తే మనిషి పూర్తిగా కోలుకునే దెబ్బల్లో ఇది ముందుంటుంది, అందుకే దీన్ని పోగొట్టుకోవడం బాధ. ఇంటిదగ్గర మొదటి 24 గంటలు ఒక మనిషి తోడుండాలి, నిద్రపోతుంటే రెండు గంటలకోసారి లేపి పేరు, చోటు చెప్పించాలి. లేపడానికి కష్టమవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు మళ్ళీ మొదలైనా, మాట ముద్దగా వస్తున్నా, ఒక చెయ్యి బలహీనమైనా వెనక్కి తీసుకెళ్ళాలి. తెల్లారేదాకా చూద్దాం అనేది పనికిరాదు.

పెద్దవాళ్ళలో కథ దీనికి తిరగబడి ఉంటుంది. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోయి, దానికీ పొరకీ మధ్య సాగి ఉన్న సిరలు చిన్న కుదుపుకే చిట్లుతాయి. నూతి చప్టా మీద జారిపడతారు, బొప్పి కట్టి తగ్గిపోతుంది, అందరూ మర్చిపోతారు. మూడు, నాలుగు వారాలకి నడక మందగిస్తుంది, మధ్యాహ్నం పూట మగతగా ఉంటారు, మనవడి పేరు తడుముకుంటారు. “పెద్దతనం” అని కొందరు, “పక్షవాతం” అని కొందరు తీర్మానిస్తారు. పుర్రెకి చిన్న రంధ్రాలు పెట్టి ఆ పాత రక్తం తీసేస్తే చాలామంది తిరిగి నడుస్తారు. కాబట్టి పెద్దవాళ్ళు మారిపోతే గడిచిన రెండు నెలల్లో ఎక్కడైనా పడ్డారేమో గుర్తుచేసుకోండి.

పక్షవాతానికి జీసీఎస్ సరిపోదు. ఎడమవైపు మెదడులో రక్తనాళం మూసుకుపోతే మాట పోతుంది, మనిషి మెలకువగా ఉన్నా మాట మార్కులు ఒకటికి దిగిపోతాయి. దానికి ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ అని వేరే లెక్క ఉంది, సున్నా నుంచి 42 దాకా, ఎక్కువైనకొద్దీ పెద్దది. ఇంట్లోవాళ్ళు రాయాల్సింది ఒక్కటే, చివరిసారి ఎన్నింటికి మామూలుగా ఉన్నారు. పొద్దున ఆరింటికి చూసేసరికి మూతి వంకరపోయి ఉంటే ఆరు అని చెప్పకూడదు. రాత్రి పదింటికి పాలు తాగి పడుకున్నారంటే లెక్క పదినుంచే. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. పసరు వైద్యం దగ్గరికి దారి మళ్ళించినవాళ్ళు పోగొట్టుకునేది ఆ గడువునే.

ఆక్సిజన్ అందని దెబ్బల్లో మొదటి కొలత నిమిషాలే. నీళ్ళలో ఎంతసేపు ఉన్నాడు, గుండె మీద నొక్కడం ఎప్పుడు మొదలుపెట్టారు, నాడి ఎప్పుడు తిరిగొచ్చింది. అయిదు నిమిషాలలోపు బయటికి తీస్తే కోలుకునే ఆశ బాగా ఉంటుంది, పది దాటితే బాగా తగ్గుతుంది. కాలవలోంచి తీసినవాణ్ణి తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం వల్ల ఆ నిమిషాలు ఇంకా పోతాయి, కక్కిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టి ముందు నోటితో ఊపిరి ఊదాలి, తర్వాత ఛాతీ నొక్కడం. మునిగినవాడికి కొరత గాలే కాబట్టి ఊపిరి ముందు. చెరువు దగ్గర కరెంటు షాకైతే మెయిన్ ఆపకుండా ముట్టుకోకూడదు.

ఇలాంటివాళ్ళకి గుండె తిరిగి కొట్టుకున్నాక 72 గంటలు గడవకుండా “ఇక లాభం లేదు” అనే మాట ఎవరూ అనకూడదు, మత్తుమందులు ఇస్తూంటే ఇంకా ఆగాలి.

పొలాలున్న ప్రాంతంలో మెదడు దెబ్బలా కనపడి మోసం చేసేవి రెండున్నాయి. ఒకటి కట్లపాము. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళని కాటేస్తుంది, గాటు కనపడదు, వాపుండదు. కడుపునొప్పితో మొదలై, రెప్పలు వాలిపోయి, తెల్లారేసరికి ఒంట్లో ఒక్క కండరం కదలదు. కనుపాపలు కూడా పెద్దవై ఆగిపోవచ్చు. జీసీఎస్ 3 వస్తుంది, లోపల మనిషికి మాత్రం అన్నీ వినపడుతూ ఉండొచ్చు. ఆ స్కోరు చూసి బ్రెయిన్ డెడ్ అనుకుంటే ఘోరం. ఊపిరి అందిస్తూ, విరుగుడు ఇచ్చి, రోజులు ఆగితే లేచి కూర్చుంటారు. రెండోది పురుగుమందు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు తాగినవాళ్ళ కనుపాపలు సూదిమొనంత అవుతాయి, మెదడు కాండంలో రక్తస్రావమైనా అలాగే ఉంటాయి. చెమట, నోట్లో నురగ, వాసన తేడా చెప్తాయి. దానికి విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చాక కనుపాపలు పెద్దవవుతాయి, ఇక వాటిని చూసి మెదడు గురించి ఏమీ తేల్చలేం.

ఇప్పుడు ఎక్కువమంది వదిలేసే కొలత. కళ్ళు తెరిచి, మాట్లాడి, అన్నం తింటున్న మనిషికి కూడా రోజుల తరబడి కొత్త జ్ఞాపకం నిలవకపోవచ్చు. పొద్దున వచ్చిన బావగారు సాయంత్రానికి గుర్తుండరు, నిన్న ఎక్కడున్నాడో తెలీదు. దెబ్బ తగిలిన క్షణం నుంచి జ్ఞాపకం తెగకుండా నడవడం మొదలయ్యేదాకా ఉన్న కాలమంతా, కోమా రోజులతో సహా, ఒకే లెక్క, అదే మరుపుకాలం. ఒక రోజులోపైతే దెబ్బ తేలిక, ఒకటి నుంచి ఏడు రోజులైతే మధ్యస్తం, ఏడు దాటితే తీవ్రం. స్పృహ పోయిన సమయానికి కూడా ఇలాంటి గీతలే ఉన్నాయి. అరగంటలోపు తేలిక, అరగంట నుంచి 24 గంటలు మధ్యస్తం, ఆపైన తీవ్రం. మూడు కొలతలూ ఒకే మాట చెప్పకపోతే ఏది ఎక్కువ తీవ్రత చూపిస్తే దాన్నే పట్టుకోవడం మంచిది. జీసీఎస్ 14తో వచ్చి, స్కాన్ శుభ్రంగా ఉండి, పది రోజులు జ్ఞాపకం నిలవనివాడు తేలిక దెబ్బవాడు కాడు. ఉద్యోగంలోకి ఎప్పుడు తిరిగి వెళ్తాడన్నది ఊహించడానికి ఈ రోజుల లెక్కకి మించింది తక్కువ.

దీన్ని కొలిచే పద్ధతి ఆస్ట్రేలియాలో తయారైంది, పేరు వెస్ట్‌మీడ్. రోజుకోసారి, 12 ప్రశ్నలు. వయసు, పుట్టిన తేదీ, నెల, పూట, వారం, ఏడాది, ఉన్న చోటు, ఇవి ఏడు. అడిగే మనిషి ముఖం, పేరు, మూడు బొమ్మలు నిన్నటివి గుర్తున్నాయా అన్నవి అయిదు. వరసగా మూడు రోజులు 12కి 12 వస్తే, ఆ మూడింటిలో మొదటి రోజున మరుపుకాలం ముగిసినట్టు. ఇంటిదగ్గర దీన్ని అచ్చంగా చేయలేకపోయినా వరస పట్టుకోవచ్చు. పడవ, తాళంచెవి, ఆవు లాంటి మూడు బొమ్మలు ఒకే మనిషి రోజూ ఒకే వేళకి చూపించి, మర్నాడు వేరే బొమ్మల మధ్య కలిపి ఏవో గుర్తుపట్టమనాలి. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్ళు మన దగ్గర చాలామంది, అక్కడ “పెద్ద తుఫానుకి నీకెన్నేళ్ళు?” లాంటి ప్రశ్న పెట్టొచ్చు, కాకపోతే జవాబు ముందే ఇంట్లోవాళ్ళ దగ్గర రాసుకోవాలి.

దీన్ని పాడుచేసేది ప్రేమే. వార్డులోకి వచ్చిన ప్రతివాళ్ళూ “నేనెవర్ని చెప్పు నాన్నా, ఇవాళ ఏ వారం చెప్పు” అని అడిగి, చెప్పకపోతే చెప్పించి వెళ్తారు. సాయంత్రానికి పాఠం వచ్చేస్తుంది, కొలత పోతుంది. పైగా అలసిపోయిన మెదడుకి అది పెద్ద బరువు. ఈ దశలోనే కొందరు మంచం దిగి పారిపోబోతారు, సెలైన్ పీకేస్తారు, నోరెత్తని మనిషి బూతులు తిడతాడు. ఇంట్లోవాళ్ళు “పిచ్చెక్కింది” అని హడలిపోయి తాయెత్తులకి బయల్దేరతారు. కోమాలోంచి బయటికొచ్చే దారిలో ఇదొక మెట్టు. లైటు తగ్గించి, టీవీ కట్టేసి, ఒక్క మనిషే దగ్గరుండి, ఒకే గొంతుతో చిన్న చిన్న మాటలు చెప్తే శాంతిస్తారు. మంచానికి కట్టేస్తే ఇంకా రెచ్చిపోతారు. కాకపోతే కొత్తగా గొడవ మొదలైతే మూత్రం నిండిపోయిందేమో, జ్వరమేమో, సోడియం పడిపోయిందేమో చూడమని అడగాలి.

ఇంటికొచ్చాక తీవ్రత కొలిచే తూకం మారిపోతుంది. ఆరు నెలలకి, ఏడాదికి వేసే లెక్కలో వచ్చే ప్రశ్నలు ఇంటి ప్రశ్నలే. పగలు ఎనిమిది గంటలు ఒక్కణ్ణే ఇంట్లో వదిలి వెళ్ళగలరా? సంతకి వెళ్ళి తనంతట తాను సరుకులు తెస్తాడా? బస్సెక్కి పక్కూరు వెళ్ళొస్తాడా? పాత పని చేస్తున్నాడా, చేస్తే మునుపటంత చేస్తున్నాడా? కాళ్ళూ చేతులూ బాగుండి నుదుటి వెనక మెదడు దెబ్బతిన్నవాళ్ళు ఇక్కడ బయటపడతారు. కూర్చోబెట్టి మాట్లాడితే ఏ తేడా తెలీదు. 500 నోటు ఇచ్చి, మూడు సరుకులు చెప్పి, చీటీ రాసివ్వకుండా కొట్టుకి పంపితే తెలుస్తుంది. రెండు తెస్తాడు, లేదా అయిదు తెస్తాడు, చిల్లర లెక్క చెప్పలేడు, దారిలో ఎవరో పిలిస్తే అక్కడే ఉండిపోతాడు. “బయటికి బానే ఉన్నాడుగా, బద్ధకం” అంటారు చుట్టాలు. పని మొదలుపెట్టడం, వరస పెట్టుకోవడం, కోపం పట్టుకోవడం మెదడు చేసే పనులే, అవి పోయాయి.

వికలాంగ ధ్రువపత్రానికి వెళ్ళినప్పుడు ఈ లోటు కళ్ళకి కనపడదు కాబట్టి, చెయ్యి కాలు బాగుంటే శాతం తక్కువ పడే ప్రమాదముంది. వికలాంగుల హక్కుల 2016 చట్టం ప్రకారం చాలా సదుపాయాలకి 40 శాతం గీత. డిశ్చార్జి కాగితం, మొదటి జీసీఎస్ మూడు అంకెలూ, మరుపు ఎన్ని రోజులుందో రాసిన నోటుపుస్తకం, సైకాలజిస్టు చేసిన జ్ఞాపకశక్తి పరీక్ష పట్టుకెళ్ళండి. మాట తేడా ఉంటే దాని రిపోర్టు విడిగా.

వాసన సంగతి ఎవరూ అడగరు. తల వెనకో ముందో గట్టిగా తగిలితే ముక్కు పైన ఉండే సన్నటి నరాలు తెగి వాసన పోతుంది. “కూర చప్పగా ఉంది” అని రోజూ విసుక్కుంటుంటే అదే కావచ్చు. కళ్ళు మూయించి, ఒక ముక్కు మూసి, కాఫీపొడి దగ్గర పెట్టి చూడండి, తర్వాత రెండోది. వాసన పోయినవాళ్ళు వంటింట్లో ఒంటరిగా ఉంటే గ్యాస్ లీకు తెలీదు, పాచిపోయిన అన్నమూ తెలీదు.

బాగుపడుతున్న మనిషి కొన్ని నెలలకి మళ్ళీ వెనక్కి జారుతుంటే, అంటే అడుగులు నేలకి అతుక్కున్నట్టు పడుతూ, మూత్రం ఆపుకోలేక, మతిమరుపు పెరుగుతుంటే, మెదడులో నీరు చేరిందేమో చూడాలి, దానికి ఆపరేషన్ ఉంది. ఫిట్స్ మాత్రలు “ఇన్నాళ్ళూ రాలేదుగా” అని సొంతంగా మానేయకూడదు. చెట్టెక్కే వృత్తివాళ్ళు అడిగేది ఎప్పుడెక్కొచ్చని. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉండి మాత్రలు వాడుతుంటే డాక్టరు అనుమతి లేకుండా చెట్టు వద్దు, బండి వద్దు, ఒంటరిగా చెరువులో దిగొద్దు. అనుమతి వచ్చాక కూడా ముందు నేల మీద కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడగలడా, తల గబుక్కున పైకెత్తితే కళ్ళు తిరుగుతున్నాయా చూడాలి. తిరుగుతుంటే ఆ ఏడాది దింపు పనిలో కాయలు ఏరడం, పోగెయ్యడం లాంటి కింది పనులే చెయ్యనివ్వాలి.